టెక్సస్ హైస్కూల్: 9వ తరగతి కోర్సులు ఎంచుకునే ముందు ర్యాంకు, క్రెడిట్ల లెక్క ఎలా చూడాలి?

ప్రశ్న: కొత్త_పేరెంట్_డాలస్

నమస్కారం అండీ. మా పాప ఈ ఆగస్టులో 9వ తరగతిలోకి వెళ్తుంది. డాలస్‌కి ఉత్తరంగా ఉన్న శివారు స్కూలు, ఒక్కో బ్యాచ్‌లో దాదాపు 600 మంది. పోటీ గట్టిగానే ఉంటుందని అందరూ అంటున్నారు. మిడిల్ స్కూల్లోనే ఆల్జీబ్రా-1 అయిపోయింది కాబట్టి 9లో జామెట్రీ. కోర్సుల జాబితా చేతిలో పెట్టి రెండు వారాల్లో తేల్చమన్నారు. మేమిద్దరం ఇంటర్ బోర్డు చదువు చదివినవాళ్లం. మార్కులు, పర్సంటేజీ తప్ప ఈ క్రెడిట్లు, వెయిటెడ్ జీపీఏ, ఎండార్స్‌మెంట్ మాకు తలకెక్కడం లేదు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సులు 9 నుంచే మొదలుపెట్టాలా? ఏపీలో 88 వస్తే మేలా, మామూలు క్లాసులో 98 వస్తే మేలా? పాపకి బ్యాండ్ అంటే ప్రాణం, కానీ బ్యాండ్ తీసుకుంటే ర్యాంకు పడిపోతుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. డిసెంబరులో నెల రోజులు హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నాం, దానికేమైనా ఇబ్బందా? చివరికి యూటీ ఆస్టిన్‌లో (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) కంప్యూటర్ సైన్స్ వస్తే చాలు అనేది మా ఆశ. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

జవాబు 1: క్రెడిట్_లెక్కలు

ముందు గ్రాడ్యుయేషన్ సంగతి తేల్చుకోండి, ర్యాంకు తర్వాత. ర్యాంకు మీద ధ్యాసలో పడి ఒక అర క్రెడిట్ తక్కువైందని 12వ తరగతి జనవరిలో పరుగులు పెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

టెక్సస్‌లో 2013 నాటి చట్టం ప్రకారం ఇప్పుడున్నది ఫౌండేషన్ ప్రోగ్రామ్. కనీసం 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో 26. ఏడాది కోర్సుకి ఒక క్రెడిట్, ఒక సెమిస్టర్‌కి అర. ఆ 26 ఇలా వస్తాయి: ఇంగ్లిష్ 4, లెక్కలు 4, సైన్స్ 4, సోషల్ 3, ఇంగ్లిష్ కాని ఒకే భాషలో 2, ఫైన్ ఆర్ట్స్ 1, పీఈ (వ్యాయామం) 1, ఎలెక్టివ్‌లు 7. సోషల్‌లో యూఎస్ హిస్టరీ ఒకటి, గవర్నమెంట్ అర, ఎకనామిక్స్ అర, వరల్డ్ హిస్టరీ లేదా జాగ్రఫీ ఒకటి. వీటిపైన మీ స్కూల్ డిస్ట్రిక్టు (మీ ప్రాంతం స్కూళ్లని నడిపే సంస్థ) హెల్త్ లాంటివి సొంతంగా కలిపి ఉండవచ్చు, వాళ్ల అకడమిక్ గైడ్‌లో చూడండి.

ఎండార్స్‌మెంట్ అంటే ఐదింటిలో ఒక దారి ఎంచుకోవడం: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు), బిజినెస్-ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్-హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. 9లో చేరేటప్పుడే రాసివ్వాలి, తర్వాత మార్చుకోవచ్చు. స్టెమ్ అయితే ఆల్జీబ్రా-2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ ఉండాల్సిందే. కంప్యూటర్ సైన్స్ మీద ఆశ ఉంది కాబట్టి మీకు అదే దారి.

మీరు ఎక్కువగా చూసుకోవాల్సింది 'డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్'. ఆల్జీబ్రా-2తో కలిపి నాలుగు లెక్కలు, నాలుగు సైన్సులు, ఒక ఎండార్స్‌మెంట్ ఉంటే అది వస్తుంది. మామూలుగా చదివే పిల్లలకి దానంతటదే వచ్చేస్తుంది. కానీ అది లేకపోతే ర్యాంకు ఎంత బాగున్నా ప్రభుత్వ యూనివర్సిటీల ఆటోమేటిక్ అడ్మిషన్‌కి అర్హత ఉండదు.

క్రెడిట్లు కాక పాసవ్వాల్సిన రాష్ట్ర పరీక్షలు ఐదు: ఆల్జీబ్రా-1, బయాలజీ, ఇంగ్లిష్-1, ఇంగ్లిష్-2, యూఎస్ హిస్టరీ. మీ పాప ఆల్జీబ్రా-1 పరీక్ష మిడిల్ స్కూల్లో రాసేసి ఉంటుంది, ఫలితం పాస్ అని ఉందో లేదో ఒకసారి పోర్టల్లో చూడండి. తప్పితే జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ మళ్లీ రాయవచ్చు.

చిన్నవే అయినా చివర్లో కొంపముంచేవి కూడా ఉన్నాయి. సీపీఆర్ శిక్షణ 7 నుంచి 12 లోపు ఒకసారి అయి ఉండాలి. పోలీసు ఆపినప్పుడు ఎలా మసలుకోవాలో చెప్పే పాఠం ఒకటి ఉంది, అదీ రికార్డులో పడాలి. 2021-22 నుంచి ఆర్థిక సహాయ దరఖాస్తు కూడా గ్రాడ్యుయేషన్ షరతే: ఫాఫ్సా (కేంద్ర ప్రభుత్వ ఫారం) గానీ, టాస్ఫా (టెక్సస్ రాష్ట్ర ఫారం) గానీ నింపాలి, లేదంటే 'మాకొద్దు' అని సంతకం చేసిన ఫారం కౌన్సెలర్‌కి ఇవ్వాలి. 'మనకి ఎలాగూ ఎయిడ్ రాదు కదా' అని మనవాళ్లు దీన్ని వదిలేస్తారు. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ ఎయిడ్ రాకపోయినా టాస్ఫా గానీ ఆ సంతకం గానీ తప్పదు.

---

జవాబు 2: సగటు_మనిషి

పైన చెప్పినవన్నీ కరెక్టే. నేను జీపీఏ (గ్రేడ్ల సగటు; కష్టమైన కోర్సుకి ఎక్కువ పాయింట్లిస్తే అది వెయిటెడ్) లెక్క చెప్తాను, ఎందుకంటే 88, 98 ప్రశ్నకి జవాబు పూర్తిగా కూడికలు, భాగహారాల్లోనే ఉంది.

స్కేలు డిస్ట్రిక్టుని బట్టి మారుతుంది. మీ వైపు వాడే ఒక రకం తీసుకుందాం: నూటికి నూరు వస్తే ఏపీకి 6.0, అడ్వాన్స్‌డ్‌కి (ఏపీకీ మామూలు క్లాసుకీ మధ్య స్థాయి) 5.5, మామూలు క్లాసుకి 5.0. ఒక్కో మార్కు తగ్గితే 0.1 పోతుంది. అంటే ఏపీలో 90, అడ్వాన్స్‌డ్‌లో 95, మామూలులో 100, ఈ మూడూ సమానం, మూడింటికీ 5.0. మీ ప్రశ్నలో ఏపీ 88 అంటే 4.8, మామూలు 98 కూడా 4.8. తేడా సున్నా! కాబట్టి సూత్రం ఇది: ఏపీలోకి మారితే మార్కులు పదికి మించి పడిపోతాయి అనుకుంటే జీపీఏకి నష్టం, పదిలోపే అయితే లాభం. అడ్వాన్స్‌డ్ నుంచి ఏపీకి అయితే ఆ హద్దు ఐదు మార్కులే.

సమానంగా వచ్చినప్పుడు ఏపీయే తీసుకోమంటాను. పిల్ల ఎంత కష్టమైన కోర్సులు తీసుకుందో యూనివర్సిటీవాళ్లు ట్రాన్స్‌క్రిప్ట్‌లో (కోర్సులు, మార్కుల పత్రం) చూస్తారు.

ఇప్పుడు బ్యాండ్ భయం. పది సెమిస్టర్ గ్రేడ్ల సగటు 5.5 ఉందనుకోండి. దానికి 5.0 స్కేలు కోర్సు ఒకటి కలిసి, రెండు సెమిస్టర్లూ 100 వచ్చినా, 55కి 10 కలిపి 12తో భాగిస్తే 5.42. నూటికి నూరు తెచ్చుకుని కూడా సగటు పడింది. 'బ్యాండ్ ర్యాంకుని ముంచుతుంది' అన్న మాట ఇక్కడినుంచే పుట్టింది. కానీ ఇది మీ డిస్ట్రిక్టు బ్యాండ్‌ని జీపీఏలో లెక్కేస్తేనే నిజం. కొన్నిచోట్ల ఫైన్ ఆర్ట్స్, పీఈ, అథ్లెటిక్స్ అసలు లెక్కలోకి రావు, కొన్నిచోట్ల కోర్ సబ్జెక్టులే లెక్క. అకడమిక్ గైడ్‌లో 'జీపీఏ, క్లాస్ ర్యాంక్' అన్న భాగం రెండు పేజీలే ఉంటుంది. స్నేహితులని అడిగేకంటే అది చదవండి, పక్క డిస్ట్రిక్టువాళ్ల అనుభవం మీకు పనికిరాదు.

పైగా బ్యాండ్‌తో ఒక లాభం ఉంది. ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ దాంతోనే తీరిపోతుంది, మార్చింగ్ బ్యాండ్ అయితే పీఈ బదులు కూడా లెక్కకొస్తుంది. ఎలాగూ తీసుకోవాల్సిన రెండు 5.0 కోర్సుల పని ఒక్కటే చేస్తోంది కదా. పాపకి ఇష్టమైనదాన్ని లెక్కల పేరుతో ఆపకండి.

సెమిస్టర్ మార్కు ఎలా కడతారో కూడా తెలుసుకోండి. ఉదాహరణకి రెండు క్వార్టర్లకి (ఒక్కోటి సగం సెమిస్టర్) 40 శాతం చొప్పున, సెమిస్టర్ పరీక్షకి 20 శాతం అనుకుందాం. క్వార్టర్లలో 93, 95 వచ్చాయి, అంటే 75.2 చేతిలో ఉంది. మొత్తం 95 రావాలంటే పరీక్షలో 99 కావాలి. అరని పైకి సవరించే పద్ధతి ఉంటే 94.5 చాలు, అప్పుడు పరీక్షలో 97తో సరిపోతుంది. డిసెంబరు మొదటివారంలోనే ప్రతి సబ్జెక్టుకీ ఈ లెక్క వేసుకుంటే ఏ పరీక్షకి చదవాలో, దేనికి చదివినా పైమెట్టు అందదో తెలుస్తుంది. పిల్లలు దీన్ని పట్టించుకోకుండా ఏడు సబ్జెక్టులకీ ఒకేలా రాత్రుళ్లు మేలుకుంటారు.

పాస్ మార్కు 70. ఒక సెమిస్టర్‌లో 66, రెండోదాంట్లో 74 వచ్చినా రెండింటి సగటు 70 కాబట్టి ఏడాది క్రెడిట్ దక్కుతుంది. కానీ జీపీఏలో 66 అలాగే ఉంటుంది.

---

జవాబు 3: ఆస్టిన్_దారి

మీ అసలు ప్రశ్నకి ఎవరూ రాలేదు: యూటీ ఆస్టిన్ కంప్యూటర్ సైన్స్.

1997లో వచ్చిన చట్టం ప్రకారం, తమ స్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లకి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి మాత్రం 2009లో మినహాయింపు ఇచ్చారు, అక్కడ రాష్ట్రంలోని పిల్లల సీట్లలో 75 శాతం ఇలా నిండితే చాలు. అందుకే శాతం తగ్గుతూ వచ్చింది. కొన్నేళ్లు 6 ఉండేది, 2026 ఫాల్‌లో (శరదృతువులో) చేరేవాళ్లకి 5 చేశారు. 600 మంది బ్యాచ్‌లో 5 శాతం అంటే 30 మంది. మీ పాప 12కి వచ్చేసరికి ఎంత ఉంటుందో యూనివర్సిటీ ముందే ప్రకటిస్తుంది, చూస్తూ ఉండండి.

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఆటోమేటిక్ అనేది యూనివర్సిటీకే, మీరు కోరిన బ్రాంచికి కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ ఇవన్నీ విడిగా వడపోస్తారు. స్కూల్లో 8వ ర్యాంకు వచ్చిన పిల్లకి 'యూనివర్సిటీలో సీటుంది, కంప్యూటర్ సైన్స్‌లో లేదు' అని ఉత్తరం రావడం కొత్తేమీ కాదు. కాబట్టి ర్యాంకు తలుపు మాత్రమే తెరుస్తుంది. లోపల చూసేది కోర్సుల బరువు, ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష), వ్యాసాలు, పిల్ల సొంతంగా చేసిన పనులు. 2025 ఫాల్ అడ్మిషన్ల నుంచి ఎస్‌ఏటీ లేదా ఏసీటీ స్కోరు మళ్లీ తప్పనిసరి చేశారు.

సాధారణంగా లెక్కకొచ్చేది 11వ తరగతి చివరికి ఉన్న ర్యాంకు, ఎందుకంటే దరఖాస్తు 12వ తరగతి శరదృతువులోనే వెళ్తుంది. అంటే మీకున్నవి ఆరు సెమిస్టర్లు. 9వ తరగతి మొదటి సెమిస్టర్ మార్కు, 11లో రెండో సెమిస్టర్ మార్కు ఒకే బరువు. 'ముందు అలవాటు పడనీ, 10 నుంచి చూద్దాం' అనుకుంటే ఆరింటిలో రెండు వదులుకున్నట్టే. చాలా డిస్ట్రిక్టులు మొదటి 10 శాతంవాళ్లకే ర్యాంకు చెప్తాయి, కాబట్టి 11 దాకా 'మనం ఎన్నో నంబరు' అని వెతుక్కోవడం కూడా వృథా. మొదటి ర్యాంకు వచ్చినవాళ్లకి ఇంకో సంగతి: రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలో మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు మాఫీ ఉంది.

---

కొత్త_పేరెంట్_డాలస్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు అండీ. గైడ్ తీసి చూశాను, మా దగ్గర ఫైన్ ఆర్ట్స్ జీపీఏలో లేదు! పాప ఎగిరి గంతేసింది. డిసెంబరు ప్రయాణం, ఇంకా భాష క్రెడిట్లు (తెలుగుతో తీరుతాయని ఎవరో అన్నారు), ఈ రెండింటి గురించి ఎవరైనా చెప్తారా?

---

జవాబు 4: హాజరుపట్టీ

ప్రయాణం గురించి. టెక్సస్ చట్టంలో 90 శాతం నిబంధన ఉంది. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే మార్కులు ఎంతున్నా ఆ కోర్సుకి క్రెడిట్ ఇవ్వరు. 75కీ 90కీ మధ్య ఉంటే ప్రిన్సిపల్ ఒప్పుకున్న ప్రణాళిక ప్రకారం గంటలు పూర్తిచేసి తెచ్చుకోవాలి. దాంతోనూ కుదరకపోతే హాజరు కమిటీ ముందుకు వెళ్లాలి. ఉత్తరం ఇచ్చి అనుమతి తీసుకున్న సెలవులూ ఈ శాతంలో గైర్హాజరుగానే పడతాయి.

లెక్క చూడండి. సెమిస్టర్‌కి సుమారు 85 రోజులు. మీ స్కూల్లో రోజు విడిచి రోజు క్లాసులు (ఏ-డే, బి-డే) ఉంటే ఒక్కో సబ్జెక్టు 42 సార్లే జరుగుతుంది. నాలుగు సార్లు మానితే 90 పైన, ఐదోసారికి 88కి పడుతుంది. క్రిస్మస్ సెలవులు రెండు వారాలు. నెల రోజులు వెళ్తే మరో రెండు వారాలు, అంటే పది పనిదినాలు, ఒక్కో సబ్జెక్టుకి ఐదు క్లాసులు పోతాయి. అదంతా ఒకే సెమిస్టర్లో పడితే ఒక్కరోజు జ్వరం రాకపోయినా హద్దు దాటినట్టే. అనుమతి లేని సెలవులైతే ఇంకో చిక్కు: ఆరు నెలల్లో పది రోజులకి చేరితే ట్రూయన్సీ (చట్టప్రకారం బడి ఎగ్గొట్టడం) కిందకి వస్తుంది.

సెలవులకి ముందు వారంలోనే సెమిస్టర్ పరీక్షలు. పైన చెప్పిన 20 శాతం అదే. టికెట్ చవగ్గా ఉందని ఆ వారం బయల్దేరితే పరీక్ష ముందుగా పెట్టడం టీచర్ దయ మీద ఆధారపడుతుంది, చాలాచోట్ల ఒప్పుకోరు. హైస్కూల్ నాలుగేళ్లూ హైదరాబాద్ ప్రయాణాలు వేసవిలో పెట్టుకోండి. మామిడిపళ్లూ దొరుకుతాయి. మే మొదటి రెండు వారాలు ఏపీ పరీక్షలు కాబట్టి స్కూలు మూసేశాకే టికెట్లు.

భాష క్రెడిట్లు. పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి రాష్ట్రమంతా ఉంది. ముందు ఆ కోర్సు క్లాసులో చదవకుండా రాస్తే 80 రావాలి, చదివి తప్పినవాళ్లకి 70. ఏడాదికి నాలుగు విడతలు ఉంటాయి, ఒక కోర్సుకి రెండుసార్లకి మించి రాయనివ్వరు. డాలస్ చుట్టుపక్కల కొన్ని డిస్ట్రిక్టులు తెలుగుకీ ఒప్పుకుంటాయి, ఏ పరీక్ష అనేది కౌన్సెలర్ ఆఫీసులో అడగండి. కానీ ఇది మాట్లాడటం ఒక్కటే కాదు: చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగూ చూస్తారు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు పడేది రాయడంలోనే. ఒత్తులు, గుణింతాలు తడుముకోకుండా రావాలి, ఒక విషయం మీద పది పన్నెండు వాక్యాలు వరసగా రాయగలగాలి. టైపు చేసి రాసే పరీక్ష అయితే తెలుగు కీబోర్డు కూడా నెల ముందే అలవాటు చేయండి.

ఇలా వచ్చిన క్రెడిట్ సాధారణంగా జీపీఏలోకి రాదు. అందులోనే లాభం: స్పానిష్-1, 2 మామూలు స్కేలు కోర్సులుగా సగటుని లాగకుండా పోతాయి, టైమ్‌టేబుల్లో రెండు గడులు ఖాళీ అవుతాయి. మరోవైపు, బయటి రాష్ట్రాల గట్టి యూనివర్సిటీలకి పెట్టాలనుకుంటే అక్కడివాళ్లు తరగతిలో కొన్నేళ్లు భాష చదివినవాళ్లని ఇష్టపడతారు. అలాంటి ఆలోచన ఉంటే తెలుగు క్రెడిట్లు తెచ్చుకుని, స్పానిష్‌నో ఫ్రెంచ్‌నో ఏపీ దాకా చదివించడం మంచిది.

---

జవాబు 5: ఎర్రసిరా

పరీక్షల వైపు నుంచి రెండు మూడు మాటలు.

పీఎస్‌ఏటీ (ఎస్‌ఏటీకి ముందు రాసే పరీక్ష): 11వ తరగతి అక్టోబరులో రాసేదే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్క. 9, 10లో రాసేవి సాధన మాత్రమే. సెలక్షన్ ఇండెక్స్ (దానికి ఎంపిక చేసే స్కోరు) కట్టే పద్ధతి చాలామందికి తెలియదు: రీడింగ్-రైటింగ్ స్కోరు రెట్టింపు చేసి, లెక్కల స్కోరు కలిపి, పదితో భాగించాలి. ఒక్కో భాగానికి గరిష్ఠం 760, కాబట్టి ఇండెక్స్ గరిష్ఠం 228. లెక్కల్లో 760 పూర్తిగా తెచ్చుకుని ఇంగ్లిష్‌లో 700 వస్తే ఇండెక్స్ 216. ఈమధ్య టెక్సస్ కటాఫ్ 219 నుంచి 222 మధ్య తిరుగుతోంది, అంటే రాదు. అదే ఇంగ్లిష్ 740 అయితే 224. మన ఇళ్లలో వేసవి అంతా లెక్కల కోచింగ్‌కే పోస్తారు, ఇక్కడ మాత్రం ఇంగ్లిష్‌లో పెరిగిన ప్రతి పది పాయింట్లూ రెండింతలు పలుకుతాయి.

అందులో త్వరగా పెరిగేది వ్యాకరణం, ముఖ్యంగా రెండు పూర్తి వాక్యాలని కామాతో అతికించే తప్పు, సెమికోలన్ వాడకం, 'అయినప్పటికీ', 'అందువల్ల' లాంటి కలుపుమాటల ప్రశ్నలు. నిదానంగా పెరిగేది చదివి అర్థం చేసుకోవడం, దానికి 9 నుంచే రోజూ అరగంట ఇంగ్లిష్ వ్యాసాలు చదవాలి, దగ్గరిదారి లేదు. ఇంగ్లిష్‌లో రెండు మాడ్యూళ్లు (భాగాలు), ఒక్కోదాంట్లో 27 ప్రశ్నలకి 32 నిమిషాలు. మొదటి మాడ్యూల్ బాగా చేస్తేనే రెండోది కష్టమైనది వస్తుంది, ఎక్కువ స్కోరు దాంట్లోనే ఉంది. కాబట్టి మొదట్లో తొందరపడి సులువైన ప్రశ్నలు పోగొట్టుకుంటే తర్వాత పూడ్చుకోవడానికి చోటుండదు.

ఏపీ మొదలుపెట్టడం: 9లో చాలా స్కూళ్లు హ్యూమన్ జాగ్రఫీ ఇస్తాయి. 60 ప్రశ్నలు 60 నిమిషాల్లో, తర్వాత మూడు రాత ప్రశ్నలు 75 నిమిషాల్లో, ఒక్కోదానికి 7 పాయింట్లు. రాతలో పాయింట్లు పోయేది తెలియక కాదు. ప్రశ్నలో 'వివరించు' అని ఉంటే విషయం చెప్పి ఊరుకుంటారు, కారణం చెప్పరు. 'నగరం అంచుకి ఫ్యాక్టరీలు తరలాయి' అని రాస్తే పాయింటు రాదు, 'అక్కడ భూమి చవక, హైవే దగ్గర, అందువల్ల తరలాయి' అంటే వస్తుంది. ఇంట్లో రాయించేటప్పుడు ప్రతి 'వివరించు' జవాబులో 'ఎందుకంటే' అన్న ముక్క ఉందా అని ఎర్రపెన్నుతో వెతకండి. ఆ అలవాటు 10, 11లో హిస్టరీ ఏపీలకి కూడా పనికొస్తుంది.

ఏపీ క్లాసు మార్కు వేరు, మేలో పరీక్ష స్కోరు వేరు. జీపీఏకి క్లాసు మార్కే. పరీక్ష 1 నుంచి 5 వరకు, జులైలో వస్తుంది, కాలేజీ క్రెడిట్‌కి అది. క్లాసులో చేరినంతమాత్రాన పరీక్షకి పేరు నమోదు అయినట్టు కాదు. నవంబరు మధ్యలో గడువు, దాటితే ఆలస్య రుసుము.

డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లోనే కాలేజీ కోర్సు చదివి రెండుచోట్లా క్రెడిట్ పొందడం) ఏపీ కంటే తేలిక అని కొందరు అటు వెళ్తారు. క్రెడిట్ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో చెల్లుతుంది, నిజమే. కానీ ఆ మార్కు కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు పిల్ల మెడిసిన్ అంటే టెక్సస్ మెడికల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తులో హైస్కూల్లో తెచ్చుకున్న ఆ 'సి' కూడా జీపీఏలో కూడతారు. ఏపీలో 2 వస్తే ఎవరికీ పంపకుండా ఊరుకోవచ్చు.

---

జవాబు 6: నిద్ర_ముఖ్యం

పైవాళ్లందరితో కొంచెం విభేదిస్తాను. లెక్కలన్నీ కరెక్టే, కానీ కంప్యూటర్ సైన్స్‌కి ర్యాంకు సరిపోదని ఆస్టిన్_దారి గారే అన్నారు. మరి 5 శాతంలో ఉండటానికి ఏడుకి ఏడూ ఏపీలు ఎందుకు? ఒక గట్టి ఏపీకి ఇంటిపని రోజూ గంట దాకా అవుతుంది. ఐదు తీసుకుంటే ఐదు గంటలు, బ్యాండ్ సాయంత్రం ఆరున్నర దాకా. ఇక రాత్రి పదకొండు దాటకుండా పడుకోవడం కుదరదు. ఆ నిద్రలేమి ముందుగా కనబడేది ఫిజిక్స్‌లో కాదు, చేయాల్సిన పనులు ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయడం మర్చిపోవడంలో. ఒక 'మిస్సింగ్' సున్నా, ఆ క్వార్టర్ మార్కులో నాలుగైదు పాయింట్లు. ఏపీతో తెచ్చుకున్న లాభం సగం అక్కడే పోయింది.

నా ప్రకారం 9లో ఒక ఏపీ, మిగతావి అడ్వాన్స్‌డ్. 10లో రెండు, 11లో మూడు నుంచి నాలుగు. లెక్కలు మీ వరసలో జామెట్రీ, ఆల్జీబ్రా-2, ప్రీకాల్క్, 12లో ఏపీ కాల్కులస్ బీసీ. వేసవిలో జామెట్రీ పరీక్ష రాసి ఒక ఏడాది ముందుకు దూకించాలని చూస్తారు కొందరు. 90 పైన తెచ్చుకునే పట్టు ఉంటే సరే, బొటాబొటిగా 80తో దాటితే ఆల్జీబ్రా-2లో ఆ వెలితి బయటపడుతుంది, అది జీపీఏలోకి వచ్చే కోర్సు.

ఆదివారం సాయంత్రం పోర్టల్ తెరిచి పిల్లతో కలిసి 'మిస్సింగ్' అని ఉన్నవి చూడటం, ఆ వారం టీచర్ల ట్యుటోరియల్ గంటలు ఎప్పుడో రాసుకోవడం, ఈ పావుగంట చాలు. రోజూ చూసి నిలదీయకండి. టీచరు మార్కులు వేయడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది.

---

సగటు_మనిషి

నిద్ర_ముఖ్యం గారి మాటకి ఒక్క సవరణ. 11లో మూడా, నాలుగా అనేది మీ స్కూల్లో ఏడు పీరియడ్లా ఎనిమిదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎనిమిదైతే నాలుగేళ్లకి 32 గడులు, కావాల్సింది 26. మిగిలిన ఆరింటిలో ఏం పెడతారో అదే ర్యాంకుని నిర్ణయిస్తుంది, వీలుంటే ఒక స్టడీ హాల్ గడి వదలండి. స్టడీ హాల్‌కి మార్కుండదు, సగటునీ లాగదు.

---

అక్టోబర్_రాక

ఇదే చర్చలో అడుగుతున్నా, క్షమించాలి. మేం హైదరాబాద్ నుంచి అక్టోబరులో వస్తున్నాం. బాబు సీబీఎస్‌ఈ పది అయ్యి పదకొండులో ఉన్నాడు. ఏమేం తెచ్చుకోవాలి?

---

జవాబు: క్రెడిట్_లెక్కలు

ఇక్కడ హైస్కూల్ అంటే 9 నుంచి 12. కాబట్టి 9వ తరగతి మార్కులు కూడా కావాలి. పదో తరగతి బోర్డు మెమో అందరూ భద్రంగా తెస్తారు, తొమ్మిదిది స్కూలు కాగితమే కదా అని పారేస్తారు. ప్రతి సబ్జెక్టు మార్కులు, స్కూలు ముద్ర, ప్రిన్సిపల్ సంతకంతో 9, 10, పదకొండులో ఇప్పటిదాకా అయిన భాగం, మూడూ తెప్పించండి. వీలైతే 9, 10 సిలబస్ నకలు కూడా. సైన్స్ ఒకే పేపరుగా ఉంటే అందులో బయాలజీ ఎంత ఉందో చూపించడానికి అది కావాలి. టీకాల కార్డు లేకుండా చేర్చుకోరు, అది చేతి సంచిలో పెట్టుకోండి.

క్రెడిట్ ఇచ్చేది స్కూలు రిజిస్ట్రార్, కౌన్సెలర్ కలిసి. ఆల్జీబ్రా-1, బయాలజీ, ఇంగ్లిష్-1, 2లకి అక్కడి చదువుతో క్రెడిట్ ఒప్పుకుంటే వాటి రాష్ట్ర పరీక్షలు రాయక్కర్లేదు. యూఎస్ హిస్టరీ మాత్రం ఇక్కడ చదవాలి, ఆ పరీక్షా రాయాలి. గవర్నమెంట్, ఎకనామిక్స్ 12లో పెట్టిస్తారు. అక్కడ హిందీ గానీ తెలుగు గానీ రెండేళ్లు చదివి ఉంటే భాష క్రెడిట్లు వేయమని మీరే అడగండి, అడగకపోతే బాబుని స్పానిష్-1లో 9వ తరగతి పిల్లల మధ్య కూర్చోబెడతారు.

అక్టోబరుకి మొదటి క్వార్టర్ అయిపోతుంది. 11వ తరగతి పిల్లాడు కాబట్టి పీఎస్‌ఏటీ తేదీ మీ రాకకి ముందా వెనకా అని ఇప్పుడే స్కూలుకి మెయిల్ రాయండి. ముందుగా చెప్తే చేరిన వారంలోనే రాయించే వీలుంటుంది, ఆ నెల దాటితే మళ్లీ అవకాశం లేదు.